టేబుల్ మౌంటెన్ కేబుల్ కారు: టికెట్టు మీది, ముహూర్తం గాలిది

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. వీధి చివర తలెత్తితే బల్లలా పైభాగం చదునుగా ఉన్న కొండ, వెనక్కి తిరిగితే అట్లాంటిక్. ఆ కొండ మీదికి మనుషుల్ని చేరవేసే కేబుల్ కారు గురించే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాను. యంత్రం చాలా గొప్పది, నిర్వహణ బాగుంది, ధర ఎక్కువే. కానీ ఈ సేవ నడిచేది గడియారాన్ని బట్టి కాదు, గాలిని బట్టి. ఆ సంగతి తెలిసి వెళ్ళినవాళ్ళు సంతోషంగా దిగి వస్తారు. తెలియనివాళ్ళు కింది స్టేషన్ గేటు ముందు ఫొటో దిగి వెనుదిరుగుతారు. ఇంటర్నెట్‌లో కనిపించే ఒక స్టార్ రేటింగుల్లో చాలావరకు ఈ రెండో రకం వాళ్ళవే. చదివితే తప్పు కేబుల్ కారుది కాదని, ప్రయాణం వేసుకున్న తీరుదని ఇట్టే తెలిసిపోతుంది.

ముందు యంత్రం సంగతి. ఈ కేబుల్‌వే 1929 అక్టోబరు 4న మొదలైంది. ఇప్పుడు నడుస్తున్న గుండ్రటి కేబిన్లు 1997లో వచ్చాయి. స్విట్జర్లాండ్‌లో చేసినవి, ఒక్కోదానిలో 65 మంది పడతారు. మొత్తం రెండే కేబిన్లు. ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, దారి మధ్యలో ఎదురుపడతాయి. రెండూ ఒకదాని బరువును ఒకటి తూచుకుంటాయి కాబట్టి మోటారు మీద భారం తగ్గుతుంది. పైకి చేరడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే 700 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కేస్తారు. పై స్టేషన్ సముద్ర మట్టానికి 1,067 మీటర్ల ఎత్తులో ఉంది. చెవులు దిబ్బడ వేస్తాయి, గుటక మింగితే సర్దుకుంటాయి. కేబిన్ అడుగున నీటి ట్యాంకు ఉంటుంది. గాలికి ఊగకుండా బరువుగానూ పనికొస్తుంది, పైన వాడుకోవడానికి నీళ్ళూ అలాగే చేరతాయి.

కేబిన్‌లో తిరిగేది నేల. గోడలూ కిటికీలూ కదలవు. ఒక ప్రయాణంలో నేల పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. తలుపు తెరుచుకోగానే జనం కిటికీ కోసం ఎగబడతారు కానీ ఆ తొక్కిసలాట అనవసరం. కొండ వైపు నిలబడ్డవాళ్ళు కాసేపట్లో సముద్రం వైపు వచ్చేస్తారు. ఎక్కగానే చూసుకోవాల్సింది ఒక్కటే: మధ్యలో ఇరుక్కోకుండా అంచున, మొదటి వరుసలో నిలబడాలి. గోడకున్న కడ్డీని మాత్రం పట్టుకోవద్దు. కాళ్ళు నేలతోపాటు తిరుగుతుంటే చెయ్యి గోడ దగ్గరే ఆగిపోతుంది, తూలిపడతారు. ఆపరేటరు ఈ మాట ప్రతి ట్రిప్పులో చెబుతాడు, ప్రతి ట్రిప్పులో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఫొటోల కోసం అద్దం లేని కిటికీలు ఉన్నాయి. నేల తిరుగుతూ మిమ్మల్ని అక్కడికి తెచ్చేసరికి కెమెరా సిద్ధంగా ఉంచుకోండి, కొన్ని క్షణాల్లో దాటిపోతుంది. ఫోను గట్టిగా పట్టుకోండి, ఆ ఎత్తు నుంచి జారితే వెతకడానికి కూడా లేదు. చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. ఎత్తంటే భయమున్నవాళ్ళు నడిమధ్యలో నిలబడి పక్కవాళ్ళ వీపులు చూస్తూ వెళ్ళొచ్చు. వాళ్ళకు ఆ నాలుగైదు నిమిషాలూ అంత కష్టమేమీ కాదు.

ఇక గాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వేసవి. ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి బలంగా గాలి వీస్తుంది. ఊరివాళ్ళు దాన్ని సౌత్ ఈస్టర్ అంటారు. ఊరి మీది పొగా మురికీ ఊడ్చేస్తుందని కేప్ డాక్టర్ అనే ముద్దుపేరు కూడా ఉంది. ఇది ఫాల్స్ బే అనే అఖాతం మీదుగా తేమ మోసుకొచ్చి కొండ వెనక భాగాన్ని తాకి పైకెక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘం కొండ చదును మీద పరుచుకుని ఊరి వైపు అంచు నుంచి కిందికి జారుతుంది. జారేకొద్దీ వేడెక్కి ఆవిరైపోతుంది కాబట్టి ఎంత జారినా కింద ఊరిదాకా రాదు. దీన్నే టేబుల్‌క్లాత్ అంటారు. వాన్ హుంక్స్ అనే పాత సముద్రపు దొంగ సైతానుతో పందెం వేసుకుని పైపు పొగ తాగుతుంటే వచ్చే పొగ అది అని అక్కడి కథ. కింద నుంచి చూడ్డానికి కళ్ళు తిప్పుకోలేం. కానీ అది కనిపించిందంటే పైన తెల్లటి చీకటి, చేతికందే దూరం కూడా కనబడదు, గాలి ఈడ్చి కొడుతుంది. అలాంటప్పుడు కేబుల్ కారు నడవకపోవడమే మామూలు. ఒకవేళ నడుస్తున్నా పైకి వెళ్ళి చూసేదేమీ ఉండదు.

ఇక్కడే కొత్తవాళ్ళు మోసపోయే సంగతి ఒకటుంది. ఊళ్ళో నిర్మలమైన నీలాకాశం, చెట్టు ఆకు కదలదు, అయినా కేబుల్ కారు బంద్. కింద కొండ చాటున గాలి తెలియదు కానీ తీగ మీద, పై స్టేషన్ దగ్గర వేరే లోకం. కాబట్టి హోటల్ కిటికీలోంచి చూసి నిర్ణయించుకోవద్దు. కేబుల్‌వే వెబ్‌సైటులో ఆ రోజు తెరిచి ఉందో లేదో చూపిస్తారు. ఉదయం లేవగానే ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి చూడాలి. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కాదు, గాలి వేగం గడి చూడండి. అందులోనూ ఊరి గాలి కాకుండా వెయ్యి మీటర్ల ఎత్తున ఉండే గాలి ఇచ్చే సైట్లు, యాప్‌లు పనికొస్తాయి.

పైన ఉన్నప్పుడు గాలి లేస్తే హారన్ మోగిస్తారు. అది వినబడిందంటే ఎక్కడున్నా వెంటనే పై స్టేషన్‌కు నడవాలి. ఇంకో ఫొటో, ఇంకో కాఫీ అని తాత్సారం చెయ్యకూడదు. కారు ఆగిపోతే ఆ తర్వాత దిగే దారి కాలినడకే. చెప్పులతో, చంకలో పిల్లాడితో ఆ రాతిమెట్లు దిగడం ఏ మాత్రం తమాషా కాదు.

చలికాలం, అంటే జూన్ నుంచి ఆగస్టు, పద్ధతి వేరు. అప్పుడు వాయవ్యం నుంచి వానగాలులు వరస కడతాయి. రెండు మూడు రోజులు ముసురు పట్టి, మధ్యలో ఒకటి రెండు రోజులు తెరిపినిస్తుంది. ఆ తెరిపి రోజుల్లో గాలి కడిగినట్టుంటుంది, దూరపు కొండల అంచులు కూడా గీతల్లా కనబడతాయి. జనం తక్కువ. అయితే ఏటా ఒకసారి మరమ్మతుల కోసం సర్వీసు పూర్తిగా ఆపేది కూడా చలికాలంలోనే, సాధారణంగా జులై, ఆగస్టు ప్రాంతంలో. ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు, విమానం టికెట్టు కొనే ముందు చూసుకోవాలి. మన దసరా, సంక్రాంతి సెలవులకు వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: అక్కడ రుతువులు తలకిందులు, జనవరి నడివేసవి. నన్నడిగితే మార్చి, ఏప్రిల్ నెలలే మేలు. గాలి జోరు తగ్గుతుంది, వానలు ఇంకా మొదలవ్వవు, సెలవుల రద్దీ ఉండదు.

రోజులో ఏ వేళ? సౌత్ ఈస్టర్ సాధారణంగా మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. కాబట్టి వేసవిలో తెల్లవారి మొదటి కార్లే నమ్మకం. సాయంత్రం వెలుగు అందంగా ఉంటుందన్నది నిజమే, కానీ సాయంత్రానికి కారు నడుస్తుందన్న హామీ లేదు. ఫొటోలు తీసేవాళ్ళకు ఇంకో లెక్క. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి నడుస్తాడు. ఊరి వైపున్న కొండ ముఖం ఉత్తరానికి ఉంది. అందుకే పొద్దున, మధ్యాహ్నం ఆ రాతిగోడ మీద ఎండ పడుతుంది. పైనుంచి ఊరినీ ఓడరేవునీ తీయాలంటే పొద్దున మంచిది. పడమటి వైపు క్యాంప్స్ బే బీచి, దాని మీద వరసగా నిలబడ్డ ట్వెల్వ్ అపోసల్స్ శిఖరాలు బంగారు రంగు తేలాలంటే సాయంత్రం ఉండాలి. డిసెంబరులో సూర్యాస్తమయం రాత్రి ఎనిమిది ప్రాంతంలో, జూన్‌లో ఆరు కాకముందే. చివరి కారు వేళ కూడా నెలను బట్టి మారుతుంది. పైకి వెళ్ళగానే ఆ రోజు చివరి కారు ఎన్నింటికో బోర్డు మీద చూసుకోవాలి. సూర్యుడు మునిగిన మరుక్షణం పైనున్న వాళ్ళంతా ఒకేసారి స్టేషన్‌కు కదులుతారు. ఆ క్యూలో అరగంట చల్లగాలిలో నిలబడే ఓపిక లేకపోతే సూర్యుడు మునగక ముందే దిగే క్యూలో చేరిపోవడం మేలు. కారులోంచి కూడా అస్తమయం కనబడుతుంది.

టికెట్ల విషయంలో ఎక్కువ గందరగోళం ఉంది. పెద్దవాళ్ళ రానుపోను టికెట్టు 400 ర్యాండ్లు దాటుతుంది. పొద్దుటి టికెట్టుకు ఎక్కువ, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతి టికెట్టుకు తక్కువ. వేసవిలో కొన్ని వారాలు సాయంత్రం ఆరు తర్వాత రాయితీ టికెట్టు కూడా ఇస్తుంటారు. చిన్నపిల్లలకు ఉచితం, కాస్త పెద్ద పిల్లలకు తగ్గింపు. పుట్టినరోజు నాడు ఉచితం, శుక్రవారం విద్యార్థులకు, వృద్ధులకు తగ్గింపు అని కొన్ని చోట్ల చదువుతారు. అవి స్థానిక గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకే, మన పాస్‌పోర్టు చూపిస్తే రావు.

ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టు మీరు ఎంచుకున్న తేదీ నుంచి ఏడు రోజులు చెల్లుతుంది. ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చిన నిబంధన ఇదే. గాలికి ఒక రోజు ఆగిపోతే మర్నాడు అదే టికెట్టుతో వెళ్ళొచ్చు. కానీ దీన్ని వాడుకోవాలంటే తేదీ ఎంచుకోవడంలో తెలివి ఉండాలి. కేప్‌టౌన్‌లో నాలుగు రోజులు ఉంటే టికెట్టు మొదటి రోజుకు కొనండి, చివరి రోజుకు కాదు. మొదటి రోజుకు కొంటే నాలుగు అవకాశాలు. చివరి రోజుకు కొంటే ఒకటే, అదీ విమానం పట్టుకునే హడావిడిలో. ఇంకా మంచి పద్ధతి: ముందుగా ఏమీ కొనకుండా, తెరిపిగా ఉన్న మొదటి ఉదయం ఫోనులో స్టేటస్ చూసి, అప్పుడే కొని బయలుదేరడం. టికెట్లు అయిపోవడం అరుదు. డిసెంబరు చివరి రెండు వారాలు, ఈస్టర్ సెలవులు మాత్రం మినహాయింపు.

ఆన్‌లైన్ టికెట్టు ఉంటే క్యూ ఉండదని చాలామంది అనుకుంటారు. తప్పేది టికెట్ల క్యూ ఒక్కటే. కారు ఎక్కే క్యూ అందరికీ ఒకటే. సెలవుల్లో ఆ క్యూ గంట దాటి, ఒక్కోసారి రెండు గంటలు కూడా నడుస్తుంది, పైగా చాలా భాగం ఎండలో. ఎక్కువ డబ్బు తీసుకుని క్యూ దాటించే ఫాస్ట్ ట్రాక్ టికెట్టు ఉంది. మామూలు రోజుల్లో, అందులోనూ పొద్దున ఎనిమిదింటికి అక్కడ ఉండేవాళ్ళకు, అది దండగ. క్రిస్మస్ వారంలో ముసలివాళ్ళతో వెళుతుంటే మాత్రం ఆలోచించొచ్చు. పెద్ద టూరిస్టు బస్సులు చేరేది పది ప్రాంతంలో. తొమ్మిదికి, పదిన్నరకు మధ్య క్యూ పొడవులో తేడా చూస్తే నమ్మబుద్ధి కాదు.

చేరుకోవడం సులువే. కింది స్టేషన్ టాఫెల్‌బర్గ్ రోడ్డు మీద ఉంది. ఊరి నడిబొడ్డు నుంచి ఉబర్ లాంటి ట్యాక్సీ పట్టుకుంటే రద్దీ లేని వేళ పదీ పదిహేను నిమిషాలు. మైసిటీ అనే నగర బస్సులో అయితే క్లూఫ్ నెక్ దగ్గర దిగి అక్కడి నుంచి షటిల్ బస్సు మారాలి. ఆ బస్సుల్లో కార్డుతోనే చెల్లించాలి, డ్రైవరు చిల్లర తీసుకోడు. క్లూఫ్ నెక్ నుంచి నడిచినా కిలోమీటరున్నర, కానీ ఎత్తు మీదికి. ఎర్రరంగు డబుల్ డెక్కర్ టూరిస్టు బస్సు కూడా ఇక్కడ ఆగుతుంది. దాని టికెట్టు ఎలాగూ కొన్నవాళ్ళకు ఇదే తేలిక. సొంతంగా కారు అద్దెకు తీసుకున్నవాళ్ళు రోడ్డు పక్కన పార్కింగు కోసం తొమ్మిదిలోపే చేరాలి. ఆలస్యమైతే కిలోమీటరు దూరంలో పెట్టి నడిచి రావాలి. కారులో బ్యాగు, చార్జరు, కోటు, ఏదీ కనబడేలా వదలొద్దు. అద్దాలు పగలగొట్టి ఎత్తుకుపోవడం అక్కడ కొత్త కాదు. రంగు జాకెట్టు వేసుకుని కార్లకు కాపలా ఉండే మనుషులు ఉంటారు, తిరిగి వచ్చాక వాళ్ళకు కొన్ని ర్యాండ్లు ఇవ్వడం ఆనవాయితీ.

పైకి చేరాక చాలామంది చేసే పొరపాటు స్టేషన్ పక్కనున్న గోడ దగ్గర ఫొటోలు తీసుకుని, కాఫీ తాగి, ముప్పావు గంటలో దిగిపోవడం. అంత ధర పెట్టి అలా రావడం నష్టం. కనీసం రెండు గంటలు ఉంచుకోండి. స్టేషన్ చుట్టూ డాసీ, అగామా, క్లిప్‌స్ప్రింగర్ అని మూడు బాటలు గుర్తు పెట్టి ఉన్నాయి. మొదటిది పావుగంటలో అయిపోతుంది, చివరిది కొండ అంచు వెంట ప్లాటక్లిప్ లోయ నెత్తి దాకా తీసుకెళుతుంది. బాటలు చదునుగా, చాలావరకు చక్కగా పరిచి ఉంటాయి. స్టేషన్ దగ్గరి బాటల్లో చక్రాల కుర్చీ కూడా వెళుతుంది, కారులోకి ఎక్కించడానికి కూడా సాయం చేస్తారు. పూట పూటకీ గైడుతో ఉచిత నడకలు ఉంటాయి. పైకి రాగానే వేళలు అడగండి. కొండ గురించి వాళ్ళు చెప్పేది వింటే ఆడియో గైడు కొనాల్సిన పని లేదు.

కొండ అసలు శిఖరం మక్లియర్స్ బీకన్, 1,086 మీటర్లు. అంటే పై స్టేషన్ కంటే 19 మీటర్లే ఎక్కువ. ఖగోళ శాస్త్రజ్ఞుడు థామస్ మక్లియర్ భూమి కొలతల కోసం పేర్పించిన రాళ్ళ గుట్ట అది. అక్కడికి వెళ్ళి రావడానికి రెండు గంటలు ఉంచుకోవాలి. దారి దాదాపు చదును, రాళ్ళ మీద రంగు గుర్తులుంటాయి. మబ్బు కమ్ముకునే సూచన ఉంటే మాత్రం అటు వెళ్ళకండి. గుర్తులు కనబడకుండా పోతే ఏ వైపు అంచు ఉందో తెలియదు.

ఏది ఏదో తెలిస్తే చూడటంలో రుచి పెరుగుతుంది. స్టేషన్ ముందు, ఉత్తరం వైపు, గిన్నెలా ఊరు. ఎడమన మొనదేలినది లయన్స్ హెడ్, 669 మీటర్లు. దాని తోకలా సాగినది సిగ్నల్ హిల్. దాని వెనక తెల్లటి గుండ్రటి కట్టడం 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కు కట్టిన స్టేడియం. సముద్రంలో చప్పటి దిబ్బలా ఉన్నది రాబెన్ ఐలండ్, మండేలా తన 27 ఏళ్ళ జైలు జీవితంలో 18 ఏళ్ళు గడిపిన చోటు. వెనక వైపు, దక్షిణానికి, కేప్ పాయింట్ దాకా సాగే ద్వీపకల్పపు వెన్నెముక, తూర్పున ఫాల్స్ బే, దానికి ఆవల హాటెన్‌టాట్స్ హాలండ్ కొండలు. అక్కడ రెండు మహాసముద్రాలు కలిసే గీత కనబడుతుందని ఎవరైనా గైడు చూపిస్తే నవ్వి ఊరుకోండి. అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల అధికారిక హద్దు అక్కడికి చాలా దూరంలో ఉన్న అగుల్హాస్ అగ్రం దగ్గర.

రాళ్ళ మీద కుందేలంత బొద్దు జంతువులు ఎండ కాచుకుంటూ కనబడతాయి. అవే డాసీలు. చూడ్డానికి ఎలుక జాతిలా ఉన్నా బతికున్న జంతువుల్లో వాటికి దగ్గర చుట్టాల్లో ఏనుగు ఒకటి. తిండి పెట్టొద్దు, కరుస్తాయి. మోకాలెత్తు పొదలన్నీ ఫిన్‌బోస్ అనే రకం వృక్షజాలం. ఈ కేప్ వృక్షప్రాంతానికి 2004లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా నీటి ఊటల దగ్గర ఎర్రటి డిసా పూలు పూస్తాయి. పువ్వు కోయడం నేరం.

తిండి: పైన కేఫ్ ఉంది, శాకాహారులకు కూడా దొరుకుతుంది. రుచి ఫరవాలేదు, ధర కొండంత. సొంత తిండి తీసుకెళ్ళొచ్చు కాబట్టి పులిహోరో, శాండ్‌విచ్చో కట్టుకెళ్ళి ఏదో బండ మీద కూర్చుని తింటే ఆ కేఫ్ మీద ధ్యాసే ఉండదు. నీళ్ళ సీసా కింద నుంచే నింపుకెళ్ళండి. పైన ఊరి కంటే ఆరేడు డిగ్రీలు తక్కువ ఉంటుంది, గాలి తోడైతే ఇంకా వణికిస్తుంది. జనవరిలో చెమటలు కక్కుతూ ఎక్కినవాళ్ళు కూడా పైన చేతులు ముడుచుకుని తిరుగుతుంటారు. గాలి ఆపే పలచటి జాకెట్టు ఒకటి, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. నీడ ఎక్కడా ఉండదు.

ఒళ్ళు సహకరించేవాళ్ళు ఒకవైపు నడిచి, ఒకవైపు కారులో వెళ్ళొచ్చు. నడవడానికి సరైనది ప్లాటక్లిప్ గోర్జ్ దారి. కింది స్టేషన్ దాటి టాఫెల్‌బర్గ్ రోడ్డు మీదే ఇంకో కిలోమీటరున్నర వెళితే మొదలవుతుంది. రుసుము లేదు. దూరం తక్కువే కానీ మొత్తం రాతిమెట్లు, మామూలు మనిషికి రెండు మూడు గంటలు. లోయ ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఎండంతా అందులోనే పోసినట్టుంటుంది. వేసవిలో ఆరింటికల్లా మొదలుపెట్టాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పవు. పైకి తేలాక కుడికి తిరిగితే కేబుల్ స్టేషన్, ఎడమకు మక్లియర్స్ బీకన్. దిగడానికి ఒకవైపు టికెట్టు పైనే దొరుకుతుంది. ఎక్కడం నడిచి, దిగడం కారులో అన్నదే సరైన వరస. తిరగేస్తే ఆ మెట్లు మోకాళ్ళు పట్టేస్తాయి. అయితే నడక మొదలుపెట్టేముందు కారు నడుస్తోందో లేదో చూసుకోవాలి, లేకపోతే రెండు దార్లూ కాళ్ళ మీదే.

కింది స్టేషన్ వెనక నుంచి ఇండియా వెన్‌స్టర్ అనే దారి కూడా ఉంది. పేరులో ఇండియా ఉందని ముచ్చటపడి అటు వెళ్ళొద్దు. చేతులతో పట్టుకుని రాళ్ళెక్కాలి, కొన్ని చోట్ల గొలుసులూ ఇనుప కొక్కేలూ ఉంటాయి. దారి తప్పి ఇరుక్కున్నవాళ్ళను దించడానికి రక్షక దళాలు తరచూ వెళ్ళాల్సి వచ్చేది ఇలాంటి చోట్లకే. దిగడానికి అస్సలు పనికిరాదు. ఏ దారయినా ఒంటరిగా వెళ్ళకూడదు, కొన్ని బాటల మీద దోపిడీలు జరుగుతాయి. ఇబ్బంది వస్తే మొబైల్ నుంచి 112 నొక్కాలి.

సేవలో లోపాలు లేకపోలేదు. క్యూలో ఇంకెంత సేపు పడుతుందో సరిగా చెప్పేవాళ్ళు ఉండరు. సెలవుల్లో టాఫెల్‌బర్గ్ రోడ్డు కార్లతో నిండిపోయి ట్యాక్సీ కూడా కదలదు. దిగాక ట్యాక్సీ పిలిస్తే రావడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, పై స్టేషన్ క్యూలో ఉండగానే బుక్ చేయడం మంచిది. నలుగురు ఉన్న కుటుంబానికి ఇది ఖరీదైన పూట. అయినా ఆ డబ్బుకు తగ్గదే. ఒక్క షరతు: తెరిపి రోజు అయి ఉండాలి. మబ్బు పట్టి ఉంటే కారు నడుస్తున్నా టికెట్టు కొనకండి. పైన చూసేది మబ్బు లోపలి భాగమే.

మూసేసిన రోజు ఏం చేయాలన్నది కూడా ప్లానులో ఉండాలి. రాబెన్ ఐలండ్ పడవ వైపు పరుగెత్తకండి, పెద్ద గాలికి అది కూడా ఆగిపోతుంది. ఈ రెండింటినీ ప్రయాణంలో మొదటి రోజులకే వేసుకుని, మిగతావి వెనక్కి నెట్టడం తెలివి. మబ్బు కొండనెత్తి మీదే ఉంటే కారులో సిగ్నల్ హిల్ మీదికి వెళ్ళండి. ఎత్తు తక్కువ కాబట్టి మబ్బు అంటదు, టేబుల్‌క్లాత్ జారడం ఎదురుగా కనబడుతుంది, పైసా ఖర్చు లేదు. చలికాలపు వాన అయితే టూ ఓషన్స్ అక్వేరియం, డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం. సౌత్ ఈస్టర్ ఊపేస్తున్న ఎండరోజైతే క్లిఫ్టన్ బీచులు. లయన్స్ హెడ్ చాటున ఉండటంతో పక్కనున్న క్యాంప్స్ బేలో ఇసుక ముఖాన కొడుతున్నా ఇక్కడ గాలి తెలియదు. నీళ్ళలోకి దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. అదే గాలి పైనున్న వెచ్చటి నీటిని సముద్రం లోపలికి నెట్టేస్తుంది, అడుగునున్న చల్లటి నీళ్ళు ఒడ్డుకు తేలతాయి. నడివేసవిలో కూడా కాలు పెడితే జివ్వుమంటుంది. పిల్లలు ఈతకొట్టాలంటే ఫాల్స్ బే వైపు మ్యూజెన్‌బర్గ్ వెళ్ళాలి, అక్కడి నీళ్ళు కొన్ని డిగ్రీలు వెచ్చన.